ముందుమాట ఉన్న పాత కంప్యూటరు

నాకు నోరెక్కువని మంచిర్యాల ఐబీ చౌరస్తాలో ఎవరినడిగినా చెబుతారు. చెప్పనీ. ఇరవై నాలుగేళ్లుగా ఆ చౌరస్తా పక్క సందులో డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లికార్డులు, పిటిషన్లు, బడి ప్రశ్నపత్రాలు, యూనియన్ కరపత్రాలు, ఒకటేమిటి, ఊళ్లో అచ్చయ్యే సగం కాగితాలు ఈ పది వేళ్ల కింద నుంచే పోయాయి. అందరి పేర్లూ ఒత్తులు తప్పకుండా కొట్టాను. నా పేరు మాత్రం అచ్చులో ఎక్కడా లేదు. ఒక్కచోట ఉండాల్సింది. ఆ సంగతే చెబుతాను. మధ్యలో గొంతు లేస్తే ఏమనుకోకండి, అది నా తరం కాదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున షాపు ముందు తెల్లకారు ఆగింది. దిగినవాడు వంశీధర్‌రావు. కరీంనగర్‌లో వకీలు, ఉపేందర్‌రావు సారు కొడుకు. సారు పోయి పన్నెండేళ్లు దాటింది. ఆ దినాలయ్యాక ఈ మనిషి నా షాపు మెట్టెక్కిన పాపాన పోలేదు.

"అక్కా, మంచిగున్నవా? గా పాత కంప్యూటర్ ఇంక ఉన్నదా? మా బాపు మాటల పుస్తకం గండ్లనే ఉండె కద," అన్నాడు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

ఉంది. ఎందుకుండదు? పాత సామాన్లవాడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఫ్లెక్సీ గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టాను.

సారు ఇక్కడే కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మెట్‌పల్లి పక్క పల్లెలో పెద్దింటి మనిషి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో జనం నోట్లో ఉన్న మాటలన్నీ ఏరి, అర్థాలు రాసి, పుస్తకం వెయ్యాలని రిటైరయ్యాక ఆయనకొక పిచ్చి పట్టింది. నాలుగేళ్లపాటు రోజూ మధ్యాహ్నం నోటుబుక్కు పట్టుకుని నా షాపుకు వచ్చేవారు. ఆయన చదివితే నేను కొట్టేదాన్ని. కొట్టి ఊరుకుంటే నేను కోమలను ఎందుకవుతాను?

ఒకరోజు ఆయన "ఇగురం అంటే ఉపాయం" అని చదివారు. నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. "సార్, గది సగమే. మా అవ్వనడుగుర్రి," అన్నాను. అవ్వంటే మా అమ్మ, సత్తవ్వ, అప్పుడు శ్రీరాంపూర్‌లో ఉండేది. మా బాపు మొండయ్య బొగ్గుబాయిలో తట్ట మోసి, రిటైరైన రెండో ఏడే పోయాడు. అవ్వ వచ్చి ఇదే స్టూలు మీద కూర్చుని చెప్పింది. "ఇగురమంటె ఉపాయం గాదు దొరా. సోలెడు బియ్యంతోని ఆరుగురికి అన్నం పెట్టి, ఒక్కరి కడుపు గూడ ఖాళీ ఉంచకపోవుడు. గది ఇగురం." సారు తను రాసుకున్నది గీత పెట్టి కొట్టేసి, అవ్వ చెప్పిందే రాసుకున్నారు.

అప్పటి నుంచి అవ్వ వారానికి రెండుసార్లు వచ్చేది. విసుగుకు యాష్ట, మబ్బుకు మొగులు, తెల్లవారుతుంటే ఎగిలివారంగ, కూలికి కైకిలి, స్పృహకు సోయి. ఆడవాళ్లు చీకట్లో నీళ్ల పంపు దగ్గర అనుకునే మాటలు, బాయి మీదికి పోయే మగవాళ్లకు సద్ది కడుతూ అనే మాటలు. సారుకు తెలియనివి వేలున్నాయి. పెళ్లికార్డుల కోసం వచ్చే వాళ్లందర్నీ నేను కూడా వదలకుండా అడిగేదాన్ని, ఇంద్రవెల్లి వైపు వాళ్లొస్తే ఇంకా సంబరం, వాళ్ల మాటల్లో మరాఠీ కలిసి ఉండేది. సారు నోటుబుక్కులో లేకుండా నేరుగా నా కంప్యూటర్‌లోకి ఎక్కిన మాటలు మూడు వేలకు పైనే.

2012 జూలైలో సారు ముందుమాట చెప్పారు, నేను కొట్టాను. అందులో ఉన్నది నాకు ఇవాళ్టికీ కంఠతా వచ్చు. "ఈ పుస్తకంలోని మాటల్లో సగం నావి కావు. శ్రీరాంపూర్ సత్తవ్వవి, ఆమె కూతురు కోమలవి. వీరిని నా తోటి సంకలనకర్తలుగా చెప్పుకోవడం నాకు గౌరవం." కింద కుడివైపు ఆయన పేరు. ఆ అక్షరాల సైజు కూడా ఆయనే దగ్గరుండి ఎంచుకున్నారు. ప్రింటు తీసి అవ్వకు చదివి వినిపించాను. మూడుసార్లు చదివించుకుంది. సారు ఆ ప్రింటు పట్టుకుపోయారు, తప్పులు దిద్దుకొస్తానని. నవంబరులో ఆయన గుండె ఆగిపోయింది, పుస్తకం కూడా అక్కడే ఆగింది.

ఇప్పుడు ఎవరో సంస్థవాళ్లు ఆ పుస్తకం వేస్తామన్నారట. వంశీధర్‌రావు నాకు కవరు పేజీ ఎలా ఉంటుందో చేత్తో గాల్లో గీసి మరీ చూపించాడు. పైన సారు పేరు, కింద 'సంపాదకులు వంశీధర్‌రావు'.

"మరి మా పేర్లు?" అన్నాను.

"మీ పేర్లెందుకక్కా?"

ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్పాను. సందు చివర చాయ్ బండి దాకా వినపడేలా చెప్పాను. అతను మాత్రం గొంతు పెంచలేదు. వకీలు కదా.

"నువ్వన్నది నేను కాదంటలేనక్కా. గని నోటిమాటకు నేనేం జెయ్యాలె? ఇంట్ల బాపు కాగితాలన్నీ చెదలు పట్టి పోయినయి. గా ముందుమాట ఉన్నదంటున్నవు కద, చూపియ్యి. మా బాపు రాసిండంటె గది నాకు కోర్టు తీర్పు లెక్క, అక్షరం మార్చకుంట ఏస్త. మీ ఇద్దరి పేర్లు కవర్ మీదనే ఏస్త. లేకపోతె మాత్రం మల్ల నన్నడగద్దు. మాట అంటె మాట."

"మాటే," అన్నాను. నా చేత్తో కొట్టిన పేజీ, నేను భయపడడమేంటి?

సజ్జ మీంచి దింపి, దుమ్ము దులిపి, వైరు తగిలించాం. విండోస్ తొంభై ఎనిమిది నాటి డబ్బా. రెండుసార్లు మూలిగి మూడోసారి లేచింది. ఫోల్డరు తెరిస్తే అన్నీ వరసగా ఉన్నాయి. 'అ' నుంచి 'క్ష' దాకా అక్షరానికొక ఫైలు, చివర్న ఇంగ్లీషు అక్షరాల్లో 'ముందుమాట' అని ఒకటి. "చూసినవా?" అన్నాను అతని మొహంలోకి చూస్తూ. "పేరు చూసిన, లోపట చూపియ్యి," అన్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. ఆ రోజుల్లో మేం వాడిన తెలుగు ఫాంటుకు కంప్యూటర్ వెనకాల ఒక తాళంముక్క తగిలించాలి. అది ఉంటేనే ఫాంటు పనిచేస్తుంది, పేజీలు అమర్చే పేజ్‌మేకర్‌లో అక్షరాలు కనబడతాయి. ఆ ముక్క ఎప్పుడో విరిగిపోయింది. నా రెండో కంప్యూటర్‌లో అదే ఫాంటు తాళం అక్కర్లేని రకం ఉంది. అదీ పాతదే, విండోస్ సెవెన్, కాకపోతే దీని ముందు కొత్తదే, పని చేస్తోంది. అంటే ఫైళ్లు ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి పోవాలి. ఎలా పోతాయి? పెన్‌డ్రైవ్ పెడితే పాతదానికి అదేంటో తెలియదు. ఫ్లాపీలు ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకవు. సీడీ డ్రైవు చదువుతుందే తప్ప రాయదు.

మూడు షాపుల అవతల కంప్యూటర్లు బాగుచేసే హనుమంతన్నను పిలిచాను. ఇలాంటి డబ్బాలు విప్పి విప్పి వేళ్లు కాయలు కాసిన మనిషి. "డిస్కు మాత్రం ఇప్పద్దు చెల్లె. ఇరువై ఏండ్ల డిస్కు, కదిలిస్తె ప్రాణం ఇడుస్తది. తిరుగుతున్నప్పుడే తీసుకోవాలె. రెండింటికి నడుమ యూఎస్‌బీ కేబులే దిక్కు," అన్నాడు.

"కేబులే కద, నేను తెస్త. ఫికర్ చెయ్యకుర్రి," అని వంశీధర్‌రావు లేచాడు. ఎలాంటి కేబులని అడగలేదు. పెద్దింటివాళ్లు అడగరు.

ఆదివారం మళ్లీ వచ్చాడు. అవ్వను కూడా ఇంట్లోంచి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇప్పుడామె నాతోనే ఉంటోంది, ఎనభై నిండాయి. తన పేరు దొరికే రోజు తను ఉండకపోతే ఎలా? అవ్వ వంశీధర్‌రావును చూడగానే లేవబోయింది. "దొరా, మంచిగున్నవా?" అంది. "దొర లేడు గిర లేడు, కూసో," అని భుజం పట్టి కూర్చోబెట్టాను.

నేను ఇటు తిరిగేలోపు అతను సంచిలోంచి కేబుల్ తీసి రెండు కంప్యూటర్ల ముందుభాగంలో గుచ్చేశాడు. రెండు కొసలూ ఒకే తీరున్న మామూలు వైరది. పాతదాని ముందువైపు నుంచి సన్నగా వాసన మొదలైంది. నేను గబుక్కున పీకి పారేశాను.

"అడగకుంట ఎట్ల పెడుతవు? కాలిపోతె ఎవలు జవాబు జెప్తరు? ఇది నీ ఆఫీసు గాదు!" అని అరిచాను. అరుపుకు హనుమంతన్న పరుగెత్తుకొచ్చాడు. వాసన చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"గిట్ల రెండు కంప్యూటర్లను ఉత్త వైరుతోని కలుపద్దు సార్. రెండు దిక్కుల నుంచి కరెంటు ఇచ్చుడే గని తీసుకునుడు ఉండది. నడుమ ఒక డబ్బి ఉండాలె. గా డబ్బిల చిప్పు ఉంటది, గది రెండింటికి తలకాయ ఊపుతది. అప్పుడే ముచ్చట నడుస్తది."

పాతదానికి ముందున్న రెండు యూఎస్‌బీ రంధ్రాలూ చచ్చిపోయాయి. వెనక రెండు మిగిలాయి. హనుమంతన్న తన షాపులో తుక్కంతా తిరగేసి గంట తర్వాత సరైన కేబుల్ పట్టుకొచ్చాడు, నడుమ అగ్గిపెట్టె అంత బుడిపె ఉన్నది. దాంతోపాటు అరచేతిలో పట్టే చిన్న సీడీ. నాకప్పుడు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

మరి సీడీ పెట్టాలంటే పాతదాని ట్రే బయటికి రాదు. మీట నొక్కితే లోపల గిర్రుమంటుంది, అంతే. ట్రే కింద సన్నటి కన్నం ఉంటుంది. అవ్వ గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, నిటారుగా సాపు చేసి, ఆ కన్నంలో గుచ్చితే ట్రే నాలుక బయటపెట్టింది. "నా పిన్నీసు జర పైలం," అంది అవ్వ.

ఇక చూడండి అవస్థ. తొందరపడి కేబుల్ ముందే గుచ్చాను. పాతది "తెలియని పరికరం" అని ఒక పసుపు గుర్తు పెట్టుకుని కూర్చుంది. ఈ రకం కేబుళ్లకు ముందు సీడీలోని డ్రైవరు ఎక్కించాలి, తర్వాతే వైరు గుచ్చాలి. హనుమంతన్న ఆ పసుపు గుర్తును తీసేసి, ఆపి, మళ్లీ లేపి, వరసలో చేశాడు. అప్పుడు పాతది ఒప్పుకుంది, కొత్తది ఒప్పుకోలేదు. కొత్తదానికి వేరే డ్రైవరు కావాలి. ఫోన్లో నెట్ పెట్టి దింపాం. రెండింటిలో ఒకే రకం ప్రోగ్రామ్ ఉండాలి, లేకపోతే ఒకటి పిలిస్తే ఇంకొకటి పలకదు. అదీ కుదిరింది. అప్పటికి మధ్యాహ్నం రెండు. ఎవరం అన్నం తినలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి నా కొత్త కంప్యూటర్ తెర రెండుగా చీలింది. ఎడమ పక్క పాతదాని ఫోల్డర్లు, కుడి పక్క కొత్తదానివి. ఎడమ నుంచి పట్టి కుడివైపుకు లాగితే పోతుంది. నేను మొదట ముందుమాట లాగబోయాను.

"ముందు మాటలు తియ్యక్కా. డిస్కు ఎప్పుడు పోతదో ఏమో," అన్నాడు వంశీధర్‌రావు.

హనుమంతన్న కూడా తలూపాడు. న్యాయంగానే అనిపించింది. నా బుద్ధి గడ్డి తిని, సరే అన్నాను. 'అ' పోయింది, 'ఆ' పోయింది. 'ఇ' పోతున్నప్పుడు అవ్వ చెప్పిన ఇగురం పోతోందని లోపల్లోపల మురిసిపోయాను. అన్నీ పోయేసరికి గంటంబావు పట్టింది. అతను తన పెన్‌డ్రైవ్‌ను నా కొత్తదానికి పెట్టి, వచ్చినవి వచ్చినట్టు అందులోకి ఎక్కించుకున్నాడు. నేను అడ్డం చెప్పలేదు. ముందుమాట పట్టి లాగేసరికి కేబుల్ బుడిపె మీద లైటు ఆరిపోయింది.

హనుమంతన్న వైరు పీకి, దులిపి, పాతదాని వెనక ఇంకో రంధ్రంలో గుచ్చడానికి వంగాడు. ఆ ఖాళీలో వంశీధర్‌రావు పాతదాని తెరకు మొహం ఆనించి ఫైళ్ల వరస చూస్తున్నాడు. ఉన్నట్టుండి అతని గొంతు మారింది.

"కోమలా. గీ తారీఖు ఏంది?"

చూశాను. ముందుమాట ఫైలు పక్కన 7 నవంబరు 2012 అని ఉంది.

"మా బాపు పోయింది మూడు తారీఖు. పోయినంక నాలుగు దినాలకు ముందుమాట చెప్పిండా నీకు?"

"పాత డబ్బా. బ్యాటరీ పోయి తారీఖులు తప్పు చూపిస్తది," అన్నాను.

"తక్కినవన్నీ వరసగ సరిగ్గనే ఉన్నయి. గిదొక్కటే తప్పు చూపిస్తదా? కోర్టుల ఇసొంటివి దినాం చూస్తం. మనిషి పోయినంక కాగితాలు పుట్టుకొస్తయి. నువ్వు ఫైలు పేరు చూపిచ్చినప్పుడే నాకు అనుమానమొచ్చింది."

నేను దొంగ పేజీ పుట్టించానట! చచ్చిపోయిన మనిషి నోట్లో నా పేరు పెట్టానట! ఆ పూట నేనన్న మాటలు ఇక్కడ రాయను. వాళ్ల ఏడు తరాలనూ దింపాను. నా షాపులో కూర్చుని, నా చాయ్ తాగి, మా అవ్వ ముందు నన్ను దొంగంటావా అన్నాను. అతను కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాడే తప్ప లేవలేదు. అవ్వకు సగమే అర్థమైంది. "ఏందే, ఏమంటుండు దొర?" అని నా కొంగు లాగింది.

"నేను రాసిన్నట అవ్వా! సార్ రాయలేదట! ఇప్పుడు తెరుస్త, చూస్తడు. చూసినంక నీ కాళ్ల మీద పడాలె ఈయన."

"వచ్చింది చెల్లె," అన్నాడు హనుమంతన్న. లైటు వెలిగింది. చిన్న ఫైలు, రెండు సెకన్లలో కుడివైపుకు వచ్చేసింది. నేను దానిమీద రెండుసార్లు నొక్కాను. పేజీ తెరుచుకుంది. ఫాంటు సరిగ్గా పట్టింది, ఒక్క అక్షరం చెదరలేదు.

కింద కుడివైపు సారు పేరు ఉండాల్సిన చోట లేదు. నడి మధ్యలో ఉంది, అదే సైజులో. దాని కింద ఇలా ఉంది. "తేది 3-11-2012 నాడు స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తున్నాము. వారి దశదినకర్మకు తామెల్లరు విచ్చేసి..." ఇంకా కింద, దుఃఖతప్తులు అని, భార్య జానకీబాయి, కుమారుడు వంశీధర్‌రావు.

అంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ రోజు ఇతనే ఇదే కుర్చీలో ఫోను చెవికి పెట్టుకుని కూర్చున్నాడు. "జల్ది కొట్టు, మూడు గంటలకు ప్రెస్సుల ఇయ్యాలె," అని తరుముతున్నాడు. డీటీపీ వాళ్లం కొత్త పేజీ ఎప్పుడూ తెరవం. పాతది ఏదో ఒకటి తెరిచి, మార్జిన్లూ అక్షరాలూ అమరి ఉంటాయని, దాని మీదే కొట్టి వేరే పేరుతో దాచుకుంటాం. ఆ రోజు కర్మకార్డులకు నా దగ్గర పాతవి వంద ఉన్నాయి. అయినా ముందుమాట తెరిచాను. సారు పేరు ఆయన దగ్గరుండి ఎంచుకున్న అక్షరాల్లో అందులో ఉంది కదా, ఆఖరి కార్డు మీద కూడా అవే ఉండాలనుకున్నాను. పేరు ఉంచి తక్కినదంతా చెరిపి మొదటి వాక్యం కొట్టాను. అప్పట్లో కరెంటు కోతలు, ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే లైను కొట్టగానే, కొట్టింది దాచే కంట్రోల్ ఎస్ నొక్కడం మా వేళ్లకు ఊపిరంత అలవాటు. వేరే పేరు పెట్టడానికి ముందే నొక్కేశాను, కార్డంతా అందులోనే ముగించాను. కళ్లలో నీళ్లున్నాయి, నొక్కినట్టు కూడా నాకు తెలియలేదు. ఆ తర్వాత ఆ ఫైలు తెరిచే పని మళ్లీ పడలేదు.

వంశీధర్‌రావు తెర వైపే చూస్తున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇందాక తప్పన్న అక్కా. మాఫ్ చెయ్యి. నువ్వు దొంగవు గాదు," అన్నాడు. తెర చూపించి, "మా ఇంట్ల గీ కార్డు ఒక్కటి గూడ మిగలలే. ఒక ప్రింట్ తీస్తవా?" అన్నాడు.

తీశాను. ఏం చెయ్యను? చేతికిచ్చి, "సార్ చెప్పిన ముందుమాట నాకు నోటికొచ్చు, వినుర్రి," అన్నాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా అప్పజెప్పాను. ఒక్క మాట కూడా తప్పలేదు. అతను తలవంచుకుని పూర్తిగా విన్నాడు.

"బాపు మాట్లాడినట్టే ఉన్నది. గని ఏం జెయ్యాలక్కా, కాగితం లేదు కద. రేపు ఎవలన్న అడిగితె నేనేం చూపియ్యాలె? మనం మాట అనుకున్నం."

అనుకున్నాం. ఆ మాట అనుకున్నది నేనే. మాటల ఫైళ్లు అప్పటికే అతని పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, పెన్‌డ్రైవ్ అతని జేబులో ఉంది. నాకు తిట్టడానికి కూడా ఏమీ తోచలేదు. నా జీవితంలో అది మొదటిసారి.

"దొరికినయా బిడ్డా పేర్లు?" అంది అవ్వ.

"లేవవ్వా. నేనే చెరిపిన. సార్ సావుకార్డు గా పేజీ మీదనే కొట్టిన."

అవ్వకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నా చేతుల వైపు చూసింది. "గిన్నేండ్ల సంది మంది పేర్లే కొడుతున్నవు గదనే. నీది ఒక్కటి, గా ఒక్కటి, పక్కకు పెట్టుకోకపోతివా?" అంది. కోప్పడి అనలేదు. కోప్పడితే బాగుండేది.

వంశీధర్‌రావు లేచి, కార్డు ప్రింటు మడతపడకుండా ఫైల్లో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "అక్కా, ఉత్తగ పోవుడు నాకు గూడ మంచిగనిపిస్తలేదు. లోపటి పేజీల, కింద, టైపింగ్ అని నీ పేరు ఏయిస్త," అని చిన్న డైరీ తీసి పెన్ను మూత విప్పాడు.

వద్దు పో అనబోయాను. నోటిదాకా వచ్చింది. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఏయమను బిడ్డా. ఏదో ఒక కాడ ఉండనీ," అంది.

"రామటెంకి కోమల," అన్నాను, ఇంటిపేరుతో సహా. ఒత్తులెక్కడా లేవు, రాయడం తేలిక. రాసుకున్నాడు. నేను ఆగలేకపోయాను. "మరి మా అవ్వ పేరు?"

అతను తలెత్తి చూశాడు. మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.

"అవ్వ టైపు కొట్టలే కదక్కా?"

పెన్ను మూత పెట్టుకుని కారెక్కాడు.